చేరే రోజు నుంచి వెనక్కి లెక్క

పిడుగురాళ్ల పక్కన ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది. మిరపకాయ కోతకు, పత్తి తీతకు కూలికి పోతుంది. ఏడాది నుంచి సాయంత్రం పూట చదువుల కేంద్రానికి వస్తోంది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు మాత్రం గబగబా చదువుతుంది. కూలి లెక్కలు చిన్నప్పటి నుంచి నోటి మీదే ఉన్నాయి కదా!

ఆమె కూతురు ఎమ్మెస్సీ చదివింది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. 2025 జూలైలో ఒక సాయంత్రం ఆ అమ్మాయి కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది.

"అమ్మా! ఉద్యోగం వచ్చింది. ఇథియోపియాలో. జిమ్మా అనే ఊళ్లో. యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలి."

"అదెక్కడే తల్లీ?"

"ఆఫ్రికాలో."

తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం అందుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ అంకెలు ఏ కాగితం మీదైనా అంకెలే. వేలు పెట్టి వెతికింది. ఒక చోట ఆగింది. అక్కడ 12-01-2018 అని ఉంది. పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి.

"ఇదేంది? పన్నెండో తేదీ, ఒకటో నెల, 2018. ఏడేళ్ల కిందటే అయిపోయింది గదా! ఆ రోజు నువ్వెట్టా చేరతావు?"

కూతురు చూసింది. నవ్వింది. "టైపు తప్పు పడుంటదిలే అమ్మా. 2026 జనవరి 12 అయ్యుంటది. ఇంకా ఆర్నెల్లు టైముంది."

"తప్పయితే అడుగు. అడక్కుండా ఎట్టా తెలిసిద్ది?"

కూతురు పనిచేసే కాలేజీలో ఒక పెద్ద సారు ఉన్నారు. ఆయన కొన్నేళ్లు ఇథియోపియాలో పాఠాలు చెప్పి వచ్చారు. మర్నాడు ఆయన్ని అడిగింది. ఆయన కాగితం చూసి ఇలా అన్నారు:

"ఇది తప్పు కాదమ్మా. వాళ్ల కేలండరే వేరు. పక్కన ఇ.సి. అని ఉంది చూడు. అంటే ఇథియోపియా కేలండరు. జి.సి. అని ఉంటే అది మనం వాడే జనవరి, ఫిబ్రవరి కేలండరు. నువ్వు చేరాల్సింది జనవరిలో కాదు. ఈ సెప్టెంబరు 22న."

ఆర్నెల్లు అనుకున్నది రెండు నెలలకు వచ్చింది! తల్లి ఆ అంకె దగ్గర ఆగకపోతే ఏమయ్యేది? కూతురు జనవరిలో వెళ్లేది. అక్కడ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేవారు.

పదమూడు నెలల ఏడాది

ఇథియోపియాలో ఏడాదికి 13 నెలలు. మొదటి 12 నెలలకు తలా 30 రోజులు. చివరి నెలకు 5 రోజులే. నాలుగేళ్లకు ఒకసారి 6 రోజులు. వాళ్ల ఉగాది మన సెప్టెంబరు 11న వస్తుంది. ఒక్కో ఏడు 12న వస్తుంది. ఏడాది లెక్కలో మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటారు. లోకమంతా 2000వ సంవత్సరం పండుగ చేసుకున్న ఏడేళ్లకు, 2007 సెప్టెంబరు 12న, వాళ్లు 2000వ సంవత్సరం పండుగ చేసుకున్నారు! 2025 సెప్టెంబరు 11న వాళ్లకు 2018 మొదలైంది. మొదటి నెల పేరు మెస్కెరెం. ఆ నెల 12వ తేదీ అంటే మన సెప్టెంబరు 22.

వింతగా ఉందా? మన ఇంట్లో గోడ మీద కేలండరు చూడండి. పెద్ద అంకెలు ఇంగ్లీషు తేదీలు. వాటి కింద చిన్న అక్షరాల్లో తిథులు. పెళ్లికి, పండక్కి చిన్న అక్షరాలు చూస్తాం. బ్యాంకుకు, బడికి పెద్ద అంకెలు చూస్తాం. మనం ఒకే గోడ మీద రెండు లెక్కలు పెట్టుకున్నట్టే వాళ్లూ పెట్టుకున్నారు.

మనవాళ్లు ఇథియోపియాకు వెళ్లి పాఠాలు చెప్పడం కొత్త సంగతేమీ కాదు. హైలే సెలాసీ చక్రవర్తి ఏలిన కాలంలో, 1950, 60లలోనే, మన దేశం నుంచి ఎంతోమంది టీచర్లు అక్కడి బడులకు వెళ్లారు. 2000 తర్వాత ఆ దేశం కొత్త యూనివర్సిటీలు చాలా తెరిచింది. పాఠాలు చెప్పేవాళ్లు చాలలేదు. అప్పుడు కూడా మన లెక్చరర్లను పిలిచారు. అలా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు.

గోడ కేలండరు మీద పెన్సిలు గీతలు

ఆ రాత్రి తల్లీ కూతుళ్లు కేలండరు కిందికి దించారు. కూతురు ముందు నుంచి లెక్క మొదలుపెట్టింది. "రేపు ఇది చేస్తా, ఎల్లుండి అది చేస్తా" అంటోంది.

తల్లి ఆపింది. "అట్టా కాదు. పెళ్లి పనులు ఎట్టా చేస్తాం? ముహూర్తం నుంచి వెనక్కి లెక్క పెడతాం. బియ్యం ఎప్పుడు కొనాల, పందిరి ఎప్పుడు వేయాల అని. నీ ముహూర్తం 22. అక్కడి నుంచి వెనక్కి రా."

సెప్టెంబరు 22 సోమవారం. దాని చుట్టూ సున్నా చుట్టారు. 20 శనివారం, 21 ఆదివారం. ఆఫీసులు ఉండవు. కాబట్టి 19 శుక్రవారానికే జిమ్మా చేరాలి. విమానం దిగేది రాజధాని ఆడిస్ అబాబాలో. అక్కడి నుంచి జిమ్మా సుమారు 350 కిలోమీటర్లు. కొండదారి. రోడ్డు మీద పగలంతా పడుతుంది. అందుకని 18 గురువారం పొద్దున్నే ఆడిస్ అబాబాలో దిగాలి. ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. మర్నాడు తెల్లారే బస్సు ఎక్కాలి.

"ఇంకా ముందే, ఒకటో తారీకునే పోతే?" అని తల్లి అడిగింది.

"పోతే ఇల్లు ఇవ్వరమ్మా. ఉద్యోగంలో చేరాకనే ఇస్తారు. అన్నాళ్లూ లాడ్జీ డబ్బులు మనమే కట్టాలి. జీతం లెక్క కూడా చేరిన రోజు నుంచే."

ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది. మరీ ముందైతే డబ్బు పోతుంది. రెండు మూడు రోజులు ముందు వెళ్లడం మంచిది. ఆ రోజుల్లో పనిరోజు ఒకటైనా ఉండాలి. ఎవరైనా స్టేషనుకు రాకపోతే ఫోను ఎత్తేవాళ్లు ఉండాలి కదా.

తర్వాత టీకా. ఇథియోపియాలో పచ్చజ్వరం అనే జబ్బు ఉంది. దోమల వల్ల వస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లు ముందే టీకా వేయించుకోవాలి. ఆ టీకా వేసిన పది రోజులకు గాని పనికొచ్చినట్టు లెక్క కాదు. విమానం 18న అయితే 8వ తేదీ లోపలే వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలో ఐ.పి.ఎం. అనే ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడ ఈ టీకా వేస్తారు. రోజూ వేయరు. ఏ రోజు వేస్తారో ముందు కనుక్కుని బస్సెక్కాలి. టీకా వేసి ఒక చిన్న పసుపు పుస్తకం ఇస్తారు. అది పోగొట్టుకోకూడదు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో చూపించాలి. లేకపోతే ఆరు రోజుల దాకా ఇంటికి పంపకుండా విడిగా ఉంచుతారు. ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. గర్భిణులు, కోడిగుడ్డు పడనివాళ్లు సూది వేయించుకోక ముందే డాక్టరుకు ఆ మాట చెప్పాలి.

ఆగస్టు ఆఖరి వారంలో పెన్సిలుతో 'టీకా' అని తల్లే రాసింది. 'ట'కు గుడి పెట్టి, పక్కన 'కా' రాసింది. గుడి దీర్ఘం మర్చిపోయింది. కూతురు దిద్దబోయింది. "ఉండనీ, నాకు అర్థమైందిలే" అంది తల్లి.

అంతకంటే వెనక వీసా ఉంది. వీసా అంటే ఆ దేశం 'రండి' అని ఇచ్చే అనుమతి. అంతకంటే వెనక సర్టిఫికెట్ల మీద ముద్రలు. ముందు మన రాష్ట్రం ముద్ర. తర్వాత ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర. ఆ తర్వాత ఢిల్లీలోనే ఉన్న ఇథియోపియా రాయబార కార్యాలయం ముద్ర. వీటికి వారాలు పడతాయి. అసలు సర్టిఫికెట్లు కావాలి. జిరాక్సులు చెల్లవు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. అసలు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు తీసి పెట్టుకున్నారు. చాలా చోట్ల ఇలాగే చేస్తున్నారు. మన చదువు కాగితం మన దగ్గర ఉండకపోవడం ఏం న్యాయం? నెల ముందు నోటీసు ఇస్తేనే కాగితాలు ఇస్తామన్నారు. నోటీసు ఆ వారమే ఇవ్వాల్సి వచ్చింది. జనవరి అనుకుని కూర్చుంటే ఆ నోటీసు డిసెంబరులో ఇచ్చేది!

అన్నిటికంటే వెనక పాస్‌పోర్టు. అమ్మాయి డిగ్రీలో ఉండగా 2016 ఫిబ్రవరిలో తీసుకుంది. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది. అంటే 2026 ఫిబ్రవరి దాకా ఉంది. చాలదా? చాలదు. దేశంలో దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరికి ఎన్ని నెలలు? వేళ్ల మీద లెక్క పెట్టండి. అయిదే. కాబట్టి కొత్తది తీసుకోవాలి. విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాలి. కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరు వస్తుంది. వీసా కాగితాల్లో ఆ నంబరే ఉండాలి. అందుకే అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అదే అయింది.

వెనక్కి వెనక్కి వస్తే లెక్క ఎక్కడ ఆగిందో చూడండి. సెప్టెంబరు 22 దగ్గర మొదలై, రేపు పొద్దున దగ్గర ఆగింది.

నాయనమ్మ అడ్డం చెప్పింది

సెప్టెంబరు 17 రాత్రి బయల్దేరాలని తెలిసి నాయనమ్మ ఒప్పుకోలేదు. "అవి మహాలయ పక్షాలు. పెద్దలకు పెట్టే రోజులు. ఆ రోజుల్లో ఆడపిల్లను సముద్రం దాటిస్తారా? అమావాస్య వెళ్లాక పంపండి" అంది.

ఆ ఏడాది మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న. అది వెళ్లాక బయల్దేరితే 22న చేరడం కుదరదు. కూతురు కోపంగా ఏదో అనబోయింది. తల్లి కళ్లతోనే ఆపింది. కేలండరు తీసుకుని అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, నువ్వన్నది నిజమే. బస్సెక్కేది ఆ రోజుల్లోనే. కానీ పనిలో చేరేది ఎప్పుడో చూడు. 22. ఆ రోజు ఏంది? ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి. దసరా మొదటి రోజు. అంతకంటే మంచి రోజు ఏముంటది?"

నాయనమ్మకు చదువు రాదు. కోడలు వేలు పెట్టి చూపించిన చోటును చాలాసేపు చూసింది. "అమ్మవారి కలశం పెట్టే రోజా? అయితే సరే. బెల్లం ముక్క నోట్లో పెట్టి పంపండి" అంది.

టికెట్టు మీద తేదీ

ఆగస్టులో ఒక ఏజెంటు ఫోను చేశాడు. "వీసా సంగతి తర్వాత. ఇప్పుడు టికెట్టు కొంటే చవక. టూరిస్టు వీసా మీద దిగండి. అక్కడ మార్చుకోవచ్చు" అన్నాడు. డబ్బు ముందే పంపమన్నాడు.

పంపలేదు. మంచి పని చేశారు. చూడ్డానికి వెళ్లే వీసా వేరు, పని చేసే వీసా వేరు. చూసే వీసా మీద పనికి వెళ్తే దిగగానే తిప్పి పంపవచ్చు. వీసా చేతికి రాకముందు టికెట్టు కొంటే, వీసా ఆలస్యమైన రోజున ఆ డబ్బు పోయినట్టే. ఇంకో సంగతి. విదేశాల్లో పని చూపించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషను ఉండాలి. 1983లో చేసిన వలసల చట్టం ఆ మాట చెబుతోంది. నంబరు చెప్పమని అడగండి. చెప్పకపోతే అక్కడితో మాట ఆపేయండి. అనుమానం ఉంటే 1800 11 3090కు ఫోను చేయవచ్చు. అది విదేశాలకు వెళ్లే పనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. డబ్బు పడదు. టీచర్లే కాదు, కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్లు కూడా ఈ నంబరు రాసి పెట్టుకోవాలి.

వీసా సెప్టెంబరు మొదటి వారంలో వచ్చింది. అప్పుడు టికెట్టు కొన్నారు. పూర్వం హైదరాబాదు నుంచి ఆడిస్ అబాబాకు నేరుగా విమానం లేదు. ముంబయిలోనో, ఢిల్లీలోనో మారాల్సి వచ్చేది. 2025 జూన్‌లో నేరుగా విమానం మొదలైంది.

టికెట్టు మీద ఇలా ఉంది అనుకుందాం: 18 సెప్టెంబరు, గురువారం, 02:30.

ఇంటికి వచ్చిన మేనమామ టికెట్టు చూశాడు. "గురువారం గదా! గురువారం మజ్జాన్నం అన్నం తిని బయల్దేరదాం. రాత్రికి పోవచ్చు" అన్నాడు.

మీరేమంటారు?

అలా చేస్తే విమానం వెళ్లిపోయిన పది పన్నెండు గంటలకు వీళ్లు ఇంట్లో అన్నం తింటూ ఉంటారు. తేదీ అర్ధరాత్రి 12 గంటలకు మారుతుంది. 18వ తేదీ 02:30 అంటే బుధవారం రాత్రి పడుకున్నాక వచ్చే రెండున్నర. తెల్లవారుజాము. మనం దాన్ని ఇంకా 'బుధవారం రాత్రి' అనే అంటాం. టికెట్టు మాత్రం 'గురువారం' అంటుంది. మధ్యాహ్నం రెండున్నర అయితే టికెట్టు మీద 14:30 అని ఉంటుంది. ఈ ఒక్క చోట బాగా చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. మేనమామ తెలివితక్కువవాడు కాదు.

ఇక్కడ కూడా వెనక్కి లెక్కే. విమానం 02:30కి. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. అంటే బుధవారం రాత్రి 11:30కల్లా శంషాబాదులో ఉండాలి. పిడుగురాళ్ల నుంచి హైదరాబాదుకు బస్సు అయిదు గంటలు అనుకుందాం. పొందుగుల దగ్గర కృష్ణ దాటాలి. మిర్యాలగూడ, నల్గొండ మీదుగా పోవాలి. ఊళ్లో దిగాక శంషాబాదుకు ఇంకో గంటన్నర. వానాకాలం. రోడ్డు మీద లారీ అడ్డం పడితే? అందుకు మూడు గంటలు చేతిలో ఉంచుకున్నారు. బుధవారం మధ్యాహ్నం రెండింటికి బస్సెక్కారు.

సంచిలో కందిపొడి, ఆవకాయ, రెండు స్వెట్టర్లు. పల్నాడు ఎండల్లో స్వెట్టర్లు ఎందుకని అందరూ నవ్వారు. ఆడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది. ఊటీ కంటే ఎత్తు. సెప్టెంబరులో అక్కడ ఇంకా వానలు పడుతుంటాయి. పొద్దున దిగగానే వణుకు వస్తుంది. చేతి సంచిలో పాస్‌పోర్టు, పసుపు పుస్తకం, ఉద్యోగం కాగితం, యూనివర్సిటీ ఫోను నంబరు పెట్టుకుంది. ఇవి పెద్ద పెట్టెలో పెట్టకూడదు. మొదటి జీతం వచ్చేదాకా ఖర్చులకు కొంత డబ్బు డాలర్లలో మార్చుకుంది. తల్లి దగ్గర అవే నంబర్లు రాసిన ఇంకో కాగితం ఉంది. తన చేత్తో రాసుకుంది.

ఎన్ని గంటలకు?

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. "దిగానమ్మా. సార్లు వచ్చి తీసుకెళ్లారు."

"ఇప్పుడు మీకెంత టైము?"

"తొమ్మిదిన్నర." ఇక్కడ పన్నెండు. వాళ్లు మనకంటే రెండున్నర గంటలు వెనక. తల్లి గోడ మీద గడియారం కింద చిన్న కాగితం అంటించింది. 'మన టైములో 2:30 తీసెయ్యాలి' అని రాసింది.

సాయంత్రం మళ్లీ ఫోను. "అమ్మా, రేపు జిమ్మా బస్సు పన్నెండింటికంట. బాగా పడుకుని లేచి పోతా."

తల్లికి పెద్ద సారు చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. ఇథియోపియా జనం గంటల లెక్క పొద్దు పొడిచినప్పటి నుంచి మొదలుపెడతారు. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. మన ఎనిమిది వాళ్లకు రెండు. మన పెద్దవాళ్లు పొద్దు పొడిచినప్పటి నుంచి జాములు లెక్కపెట్టేవాళ్లు చూడండి, అలాగన్నమాట. విమానాల వాళ్లు మన లెక్కే చెబుతారు. బజారులో, బస్టాండులో మాత్రం వాళ్ల లెక్క చెబుతారు.

"ఎవరి పన్నెండే అది? వాళ్ల పన్నెండంటే తెల్లారి ఆరు! మళ్లీ అడుగు."

కూతురు లాడ్జీ వాళ్లను అడిగి వచ్చింది. ఆరింటికే. అయిదింటికి నిద్ర లేపమని చెప్పి పడుకుంది.

శుక్రవారం రాత్రికి జిమ్మాలో ఉంది. సోమవారం పొద్దున సంతకం పెట్టింది. ఆ రోజు తల్లి ఇంట్లో కలశం పెట్టారు. మధ్యాహ్నం ఫోనులో కూతురు చెప్పింది: "మొదటి పాఠం రేపు మూడు గంటలకమ్మా." తల్లి వెంటనే అంది: "అంటే తొమ్మిదింటికి. మాకు పదకొండున్నర. అప్పుడు నేను మిరప చేలో ఉంటా."

చదివి చెప్పండి, రాయండి

1. టికెట్టు మీద '6వ తేదీ, శనివారం, 01:15' అని ఉంది. ఇంట్లో ఏ రోజు బయల్దేరాలి? కేలండరులో ఆ రోజు చుట్టూ సున్నా చుట్టండి.

2. మీ బంధువు పాస్‌పోర్టు వచ్చే ఏడాది మార్చి దాకా చెల్లుతుంది. ఆమె ఈ డిసెంబరులో ప్రయాణం పెట్టుకుంది. ఎన్ని నెలలు మిగులుతాయి? సరిపోతాయా?

3. ఇథియోపియాలో ఒకరు 'పొద్దున నాలుగింటికి రండి' అన్నారు. అక్కడి గడియారంలో మన లెక్కన ఎన్ని గంటలు? అప్పుడు మన ఊళ్లో ఎన్ని గంటలు?

4. మీ ఇంట్లో ఎవరైనా దూరం వెళ్లాల్సి ఉందా? వాళ్లు చేరే రోజు కేలండరులో గుర్తు పెట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్క రాయండి. రేపు కేంద్రానికి తెచ్చి చూపండి.